నూటికి రెండు

ఒక బ్యాంకు శాఖలో మేనేజరు గది. బల్లకు ఆ వైపు, మేనేజరు హోదాలో, అల్లుడు. ఈ వైపు, ఒళ్ళో సంచీతో, అత్తగారు.

"ఇంకోసారి సెలవివ్వండి, ఎంతన్నారూ?"

"ఐదున్నర, అత్తయ్యగారూ. వయసు పైబడినవాళ్ళకి ఇంకో పావు కలుపుతాం. ఐదూ ముప్పావు."

"పావు! ఆహా, ఏమి ఔదార్యం! డెబ్భై ఒక్క ఏళ్ళు చావకుండా నెట్టుకొచ్చినందుకు పావు శాతం బహుమానం. వెంట బాకా ఏమైనా ఊదిస్తారా, పావుతోనే సరిపెట్టుకోమంటారా?"

"రేట్లు నేను వేసేవి కావు. పైనుంచి వస్తాయి."

"వానలాగా."

"వానలాగానే. వెటకారం కొంచెం తగ్గించండి. బయట జనం ఉన్నారు."

"ఉండనివ్వండి, వాళ్ళూ పావు కోసం వచ్చినవాళ్ళే. ఇదిగో డిపాజిట్ కాగితం. తొమ్మిది లక్షలు. తొమ్మిది శాతం అని ఊరించి మీరే వేయించారు. గడువు తీరగానే నన్నొక మాటైనా అడక్కుండా ఐదున్నరకి తిరగరాశారు. రద్దు చెయ్యండి."

"అడక్కుండా కాదండీ. గడువు తీరిన రోజున మనిషి రాకపోతే దానంతట అదే మారిపోతుంది. అది రూలు."

"నేను రాలేదు, ఒప్పుకుంటాను. కానీ మీరు మా ఇంటికి వచ్చారు. ఆ వారంలోనే, రెండుసార్లు. కూర బాగుందన్నారు. మారు వడ్డించుకున్నారు. రేటు పడిపోయిందని మాత్రం అనలేదు."

"భోజనం దగ్గర రేట్ల గొడవేమిటని..."

"అజీర్తి చేస్తుందనీ! ఎవరికి?"

"చూడండి, మధ్యలో రద్దు చేస్తే ఒక శాతం జరిమానా పడుతుంది. నష్టపోయేది మీరే."

"ముప్పై నాలుగేళ్ళు కోర్టులో తీర్పులు టైపు చేశాను, అల్లుడుగారూ. పరుల సొమ్ము తీసుకున్నవాడికి శిక్ష వెయ్యడం చూశాను. తన సొమ్ము తాను తీసుకున్నందుకు వెయ్యడం ఈ న్యాయస్థానంలోనే చూస్తున్నాను."

"సరే. తీసుకుని ఏం చేద్దామని? బంగారం కొంటారా?"

"బంగారం బీరువాలో పడుకుని నిద్రపోతుంది. దానికి కాపలాగా నేను మేలుకోవాలి."

"పోస్టాఫీసులో వేసుకోండి."

"మీకన్నా పావు ఎక్కువ. ఆ పావు కోసం అన్ని మెట్లూ ఎక్కి దిగితే మోకాళ్ళ మందుకి అర శాతం పోతుంది."

"పోనీ మ్యూచువల్ ఫండ్లలో కొంచెం కొంచెంగా..."

"కిందటేడు ఎవరో అన్నారే, షేర్లంటే జూదం, నేనైతే చిల్లిగవ్వ కూడా పెట్టను అని? అమ్మాయి ముందు, గుండెల మీద చెయ్యి వేసుకుని?"

"నేనే అన్నాను. ఇప్పుడూ అంటాను."

"అనండి. మీ గొంతులో బాగుంటుంది ఆ మాట."

"ఇవన్నీ కాదంటే ఇంకెక్కడ పెడతారు? ఎవడు దొరికాడు మీకు? చెప్పండి, ఎవడో దొరికాడు."

"దొరికి పదకొండు నెలలైంది. నెలకి నూటికి రెండు."

"రెండా? నెలకా? అంటే ఏడాదికి ఇరవై నాలుగు! ఎవడా దొంగ?"

"మెల్లిగా. బయట జనం ఉన్నారు."

"పదకొండు నెలలంటే... ఇప్పటికే పెట్టారా? ఎంత పెట్టారు?"

"ఐదు లక్షలు. నా పింఛను బకాయిలు వచ్చాయి కదా, ఇక్కడే వెయ్యమని మీరు మూడుసార్లు ఫోన్ చేశారే, ఆ ఐదు. నెలకి పదివేలు వస్తోంది. ఒక్కరోజు ఆలస్యం లేదు."

"మీ అమ్మాయికి తెలుసా ఈ సంగతి?"

"మీ ఆవిడకి ఏవి తెలుసో, ఏవి తెలియవో, ఆ జాబితా మీ దగ్గర ఉండాలి గాని నా దగ్గర ఎందుకుంటుంది?"

"మాట తిప్పకండి! ఇరవై నాలుగు శాతానికి అప్పు చేసేవాడు ఎలాంటివాడో తెలుసా? పీకల దాకా మునిగినవాడు. ఏ బ్యాంకూ గుమ్మం తొక్కనివ్వనివాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసండీ నాది, ఇలాంటి ముఖాలు వందలు చూశాను. మొదటి ఏడాది టంచనుగా కడతాడు. ఎందుకు కడతాడు? ఇంకా పెద్ద మొత్తం లాగడానికి. అది కాస్తా చేతికొచ్చాక ఫోన్ ఎత్తడు."

"అబ్బ, ఎంత బాగా చెబుతున్నారు! వాడి మనసులో కాపురమున్నట్టు."

"వాడికి సిగ్గూ శరమూ ఉండవు. ముసలివాళ్ళు దాచుకున్న సొమ్మని తెలిసినా తీసుకుంటాడు."

"తెలిసి కూడానా?"

"తెలిసి కూడా."

"మీ అంతటివారు చెబితే నమ్మక చస్తానా."

"మధ్యలో ఉన్న దళారి ఎవడు? వాడి పేరు చెప్పండి. ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తాను. చెప్పండి!"

"కళ్ళజోళ్ళ కొట్టాయన."

"...ఎవరు?"

"సినిమా హాలు పక్క సందులో కళ్ళజోళ్ళ కొట్టు ఉంది చూడండి, ఆయన. అద్దాలు మార్పించుకుందామని వెళ్ళాను. ముందు అక్షరాలు చదివించాడు, ఆ తర్వాత వడ్డీ రేట్లు చదివించాడు. రెండోవి బాగా కనిపించాయి. ఏమైంది? ఫోన్ చేస్తానని కింద పెట్టేశారేం?"

"ఏం లేదు. ఆ సందులో... చాలా కొట్లుంటాయి."

"కళ్ళజోళ్ళది ఒకటే. మీరు పెట్టుకున్నవీ అక్కడివే కదూ?"

"ఊళ్ళో సగంమంది పెట్టుకున్నవి అక్కడివే!"

"అయ్యో, నేను కాదన్నానా? మహా మేధావి ఆయన. ఇచ్చేవాళ్ళకి పుచ్చుకునేవాళ్ళ పేరు చెప్పడు, పుచ్చుకునేవాళ్ళకి ఇచ్చేవాళ్ళ పేరు చెప్పడు. పేరు తెలిస్తే మొహమాటం పుడుతుందట, మొహమాటం పుడితే వడ్డీ తగ్గుతుందట. ఇంతటి అర్థశాస్త్రం మీ హెడ్డాఫీసులో ఎవరికైనా తట్టిందా? నెలలో మొదటి శనివారం వెళితే ఒక కళ్ళజోడు పెట్టె చేతిలో పెడతాడు. మూత తీస్తే పదివేలు."

"అయితే పుచ్చుకునేవాడు ఎవరో మీకు తెలియదు. తెలియదు కదా?"

"ఆయన పేరు చెప్పలేదు. నాకు ధైర్యంగా ఉంటుందని నాలుగు వివరాలు చెప్పాడంతే. ఉద్యోగస్థుడట. పెద్ద హోదాట. విడిగా ఒక గదీ, గదిలో ఒక బల్లా ఉన్నాయట. పాపం, మీలాగే."

"ఊ."

"వడ్డీలు పడిపోయాయని దాచుకున్నదంతా తీసి షేర్లలో పెట్టాడట. మొదట్లో పెరిగాయట. పెరిగితే ఊరుకుంటారా ఎవరైనా? భార్య నగలు తాకట్టు పెట్టి ఇంకా కొన్నాడట. నగలు లాకర్లో భద్రంగా ఉన్నాయని ఆవిడ అనుకుంటోందట. భద్రంగానే ఉన్నాయట, కాకపోతే వేరేవాళ్ళ లాకర్లో."

"ఇవన్నీ... ఆ కొట్టాయన మీకు చెప్పాడా?"

"పేరు తప్ప అన్నీ చెప్పాడు. మాట మీద నిలబడే మనిషి."

"ఎవరి కష్టమో పట్టుకొచ్చి ఊరంతా టముకు వేస్తాడా వెధవ!"

"మీకెందుకండీ అంత కోపం? సరే, వినండి. ఆ పెద్దమనిషికి ఇప్పుడు ఇంకో ఎనిమిది లక్షలు కావాలట. రేపు సాయంత్రం లోపల కట్టకపోతే నగలు వేలానికి వెళతాయట. నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. ఎనిమిది ఆయనకి, మిగిలిన లక్షా నన్ను సాగనంపే ఖర్చులకి. ఇదీ నా బడ్జెట్టు. మీరు నిపుణులు, చెప్పండి. ఇవ్వమంటారా, వద్దంటారా?"

"నన్నడుగుతారేం?"

"ఇందాకటి దాకా అడక్కుండానే చెప్పారు."

"ఇవి కాక... ఈ తొమ్మిదీ ఆ ఐదూ కాక, మీకింకేమైనా ఉందా?"

"నెలనెలా పింఛను. అద్దె ఇల్లు. ఈ సంచీ."

"అంటే, ఇది గనక పోతే..."

"పోతే మీ ఇంటికొచ్చి కూర్చుంటాను. పొద్దున లేస్తే ముందు నా ముఖమే చూడాలి మీరు. అందుకే అంటున్నాను, నిదానంగా ఆలోచించుకోండి. నాకేం తొందర లేదు."

"...పదకొండు నెలలూ టంచనుగానే కట్టాడు కదా."

"కట్టాడు. అదే మోసగాడి లక్షణం అన్నారు మీరు."

"అందరూ అలాగే ఉంటారా ఏమిటి? కొందరికి... కాలం కలిసిరాదు. కష్టంలో పడ్డంత మాత్రాన నీతి తప్పినవాడని అనలేం కదా."

"అదేమిటి, ఇందాక మీరే ముసలివాళ్ళ సొమ్మని తెలిసినా..."

"మాటవరసకి అన్నానండీ! మాటవరసకి అన్నది పట్టుకుని సాగదీస్తారేం? మీ డబ్బు, మీ ఇష్టం. నిజానికి ఈ ఐదున్నరతో మీకేం ఒరుగుతుంది? ధరలు పెరిగే వేగానికి ఈ వడ్డీ ఏ మూలకీ చాలదు. మంచి రాబడి ఎదురుగా కనిపిస్తుంటే కాలదన్నుకోకూడదు."

"ఈ మాట అంటున్నది మేనేజరుగారా, అల్లుడుగారా?"

"ఇద్దరూ అంటున్నారు."

"జరిమానా సంగతి?"

"ఎత్తేస్తాను. అది నా చేతిలో పని."

"పావుగంట కిందట ఆ చెయ్యి ఎక్కడికి వెళ్ళింది?"

"ఎత్తేస్తానన్నాను కదండీ! ఇదిగో ఫారం. ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, వెనక ఒకటి, మూడు సంతకాలు. రెండింటికల్లా నగదు సిద్ధం చేయిస్తాను. కొట్టుకి ఇవాళే వెళతారా? వెళితే ఆరులోపల వెళ్ళండి, ఆ తర్వాత మూసేస్తాడు."

"ఆయన వేళలు బాగా తెలుసే మీకు."

"దారిలో చూస్తుంటాను. కలం ఇవ్వనా?"

"కలం ఉంది. సంతకానికి ముందు ఒక్క ప్రశ్న. ఆ అప్పు ఎవరిదో మీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"బల్లని కాదు, నన్ను చూసి చెప్పండి."

"తెలియదు! తెలియదన్నాను! ఎవడో ఏమిటో, నాకేం సంబంధం?"

"నాకు తెలుసు. మూడో నెల నుంచీ తెలుసు."

"...ఏం తెలుసు?"

"మామూలు మనుషులు డబ్బు ఇవ్వాలంటే రబ్బరు బ్యాండు వేస్తారు, లేదా కవర్లో పెడతారు. నాకు వచ్చేది వంద కాగితాల కట్ట. దాని నడుముకి తెల్ల కాగితం పట్టీ, పట్టీ మీద తేదీ, తేదీ పక్కన పొట్టి సంతకం, ఈ డిపాజిట్ కాగితం మీద మీరు పెట్టిందే. కట్ట కట్టినవాడు సంతకం పెట్టాలని బ్యాంకువాళ్ళ నియమం కదూ? ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, పాపం. స్నానాలగదిలో తలుపు బిగించుకుని దొంగతనంగా లెక్కపెట్టుకున్నా చెయ్యి ఊరుకోదు. మొదటి రెండు నెలలూ నా చూపే సరిగా లేదనుకున్నాను. మూడో నెలకి కొత్త అద్దాలు వచ్చాయి."

"అత్తయ్యగారూ... నేను... అంటే, తెలిసి కూడా ఎనిమిది నెలలు ఊరుకున్నారా?"

"ఊరుకోక? ఉన్నది ఒకే ఒక్క అల్లుడు. బల్ల వెనక కూర్చుంటే ఐదున్నర ఇస్తాడు, సందులో నిలబడితే ఇరవై నాలుగు ఇస్తాడు. ఏ అల్లుణ్ణి ఎంచుకోమంటారు?"

"మరి ఇవాళ ఎందుకు వచ్చారు? నన్ను ఏడిపించడానికా?"

"నగలు వేలం అని వినేసరికి ఇంక నోరు కట్టుకోలేకపోయాను. అమ్మాయికి చెప్పేశాను."

"చెప్పేశారా! ఏమంది?"

"ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆయనకి అది నీ డబ్బని తెలియదమ్మా, తెలిసిన క్షణంలో ఆపేస్తారు, నగలు పోతే పోనీ అంటారు, కావాలంటే వెళ్ళి చూడు అంది. నేను వాదించాను. అది వినలేదు."

"ఆ ఫారం ఇటివ్వండి. నేను ఆపేవాణ్ణే! మీరు సంతకం పెట్టబోతుంటే ఆపుదామనే..."

"చెయ్యి తియ్యండి, చిరుగుతుంది. బయట టోకెన్ల బల్ల దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న మనిషిని మీరు చూసుకోలేదు. నాతోపాటే వచ్చింది. ఒట్టి చేతులతో బయటికి వస్తావు చూడమ్మా అని నన్ను లోపలికి పంపింది. లేవండి, అల్లుడుగారూ. ఈ ఫారం మీరే తీసుకెళ్ళి దానికి ఇవ్వండి."