వరండాలో నిలబడ్డ సభ్యురాలు

కులిగల్ ఆస్పత్రిలో ముసలాయన కాలి పుండుకు నర్సు కట్టు మారుస్తుంటే, ఆయన నోరు విప్పాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ పాలన చూసే షైర్ కౌన్సిల్లో ఆమె సభ్యురాలు కూడా.

"ఇక్కడి ప్రసూతి వార్డు ఎత్తెయ్యొద్దని నిన్న కౌన్సిల్లో ఓటింగు పెడితే, నువ్వు లేచి బయటికెళ్ళిపోయావట. పక్కింటి నోరీన్ చెప్పింది."

"పొద్దుట్నించి ఇదడిగినవాళ్ళలో మీరు నాలుగోవారు తాతా. కాలు కదపకండి."

"వెళ్ళావా, లేదా?"

"వెళ్ళాను. నాకు జీతమిచ్చేది ఈ ఆస్పత్రే. సొంత కొలువు సంగతొస్తే సభ్యులు బయట నిలబడాలని రూలు."

"మరి ఎక్కడ నిలబడ్డావు?"

"వరండాలో, టీ డ్రమ్ము పక్కన."

"ఒక్క ఓటుతో పోయిందటగా."

"ఒక్క ఓటే."

"మా మనవరాలికి ఎనిమిదో నెల. నొప్పులొస్తే ఇక డబ్బో పట్నంలో ఆస్పత్రి దాకా పరిగెత్తాలి, దారంతా కంగారూలను తప్పించుకుంటూ."

"తెలుసు. ఆమెను చూస్తున్నది నేనే. ఏం చెయ్యమంటారు, నేను నర్సుని."

"నర్సువనేగా నీకు ఓటేశాం."