చూపు నిలిపే మేకు

"తాతా, వీధినాటకంలో గిరికీలు కొడతా ఉంటే నీకు తల తిరిగేది కాదా?"

ఎందుకు తిరగదు పాపా, బ్రహ్మాండంగా తిరిగేది. మొదట్లో రెండు చుట్లకే ఊరంతా కళ్ళ ముందర రాట్నం మాదిరి తిరిగేది. ఇప్పుడు నువ్వు గజ్జెలు కట్టుకుంటా ఉంటేనే నాకు గుండె దడ, అది వేరే సంగతి. మీ టీచరమ్మ భ్రమరి అంటాది, మా వాద్యారు గిరికీ అనేవాడు. వాద్యారంటే బడి అయ్యవారు కాదు, ఆట నేర్పేవాడు. కుండలు చేసేవాడు... కాదు కాదు, కుండలు వాళ్ళన్న. ఈయన బట్టలు కుట్టేవాడు.

సుద్దముక్కతో నేల మీద పళ్ళెమంత గుండ్రం గీసి నన్ను దాంట్లో నిలబెట్టేవాడు. మడమ లేపు, బరువు ముందరి పాదం మీద వెయ్యి, చేతులు రొమ్ము దగ్గరికి లాక్కో. ఒళ్ళు ముందు తిరగాల, తల ఆఖర్న కదలాల, అయినా అన్నిటికన్నా ముందు తలే వచ్చి చేరాల. కండ్లు ఒకే చోట పెట్టుకో, తిరిగొచ్చేసరికి మళ్ళా ఆ చోటే కనపడాల. కాలు గుండ్రం దాటితే కొలబద్దతో పిక్క మీద ఒకటి. "కాలేజీ చదువు తలకెక్కి బరువైపోయిందబ్బా నీకు, మెడ తిరగడంలేదు" అని ఎగతాళి.

అవును, అప్పుడు నేను తిరుపతిలో బి.ఏ. హాస్టల్లో సాంబారు ఎట్లుండేదంటే... సరే, అది ఇప్పుడెందుకు. సెలవలకు ఊరికి పోతే ధర్మరాజుల గుడి తిరునాళ్ళు, దినాల తరబడి భారతం ఆడేవాళ్ళు. ఆఖరి దినం పొద్దున దుర్యోధన వధ. మట్టితో ఇంత పొడుగు దుర్యోధనుణ్ణి నేల మీద పడుకోబెడతారు, చిన్నప్పుడు నువ్వు చూసి ఏడ్చినావు కదా. ఆ ఏడు కృష్ణుడి వేషం నాది. మూడు గిరికీలు కొట్టి నిలబడి, తొడ మీద చరిచి భీముడికి సైగ చెయ్యాల. ఆ సైగ చూసి ఆయన గద వెయ్యాల.

మా నాయనకు ఇదంతా పడేది కాదు. బెల్లం మండీ మనిషి. "చదివించింది వేషాలు కట్టడానికా?" అని కేకలేసినాడు. అయినా ఆ పొద్దున వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు, తెల్ల పంచె, మోకాళ్ళ మీద చేతులు. గుడి పక్క టెంకాయ చెట్టు మీద చూపు పెట్టుకోమని వాద్యారు చెప్పి ఉన్నాడు. నేను ఆ సంతోషంలో చెట్టును వదిలేసి మా నాయన మొహం మీద పెట్టుకున్నా. మొదటి చుట్టు, నాయన. రెండో చుట్టు, నాయన. నెత్తిన కొయ్య కిరీటం కదా, బరువుకు కొంచెం తూలినాను. మూడో చుట్టు తిరిగొచ్చేసరికి ఆడ నాయన మొహం లేదు.

యాడికి పోయినాడంటావా? యాడికీ పోలేదు. బిడ్డ పడిపోతాడేమోనని భయపడి, పట్టుకోవడానికి లేచినాడు. ఆయన లేచినందుకే నేను పడినాను. చీలమండలో టక్కుమని చప్పుడు. పాపం భీముడు గద ఎత్తుకొని నిలబడే ఉండాడు. ఎక్కడ కొట్టాలో చెప్పాల్సిన కృష్ణుడు నేల మీద. జనమంతా నవ్వినారు, మా నాయన తప్ప.

పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించినాడు. బస్సు చార్జీ అప్పుడు ముప్పావలా... రూపాయేమో. దోవంతా నా కాలు ఒళ్ళో పెట్టుకొని ఒకటే మాట, "నేనెందుకు లేచినానురా?" ఆయన కన్ను మూసేదాకా అదే మాట.

నిన్న నువ్వు ఈ హాల్లో మూడో భ్రమరిలో పడినావే, మోచెయ్యి ఇంకా వాచి ఉండాది. టైల్స్ మీద నీళ్ళు చిందినాయని మీయమ్మ పనిమనిషిని అరిచింది. నీళ్ళు కాదు పాపా. నువ్వు నా మొహం మీదే చూపు పెట్టుకుంటావు, నాకు తెలుసు. చుట్టు చుట్టుకీ నీ కండ్లు వచ్చి నాకు తగుల్తాయి. నిన్న నువ్వు తూలినావు. నేను లేచినాను.



ఇప్పుడేమో ఆదివారం స్టేజీ మీద ఆట. "తాతను ముందు వరసలో నడిమధ్య కూర్చోబెట్టండి, ఆయన్ను చూసే తిరుగుతా" అన్నావంట టీచరమ్మతో. ఆడ నువ్వు రవ్వంత తూలితే లేవకుండా నేను ఉండగలనా? మా నాయన ఉండలేకపోయినాడు. ఆ స్టేజీ నాలుగడుగుల ఎత్తు, పోయి చూసొచ్చినా. బస్సెక్కే పోయినా, మీయమ్మకు చెప్పొద్దు. జనం వెనక, తలుపు పైన ఎర్రదీపం ఒకటి ఉండాది, దాని మీద పెట్టుకో. చూపు పెట్టుకున్నదానికి కాళ్ళుండకూడదు పాపా. భయమూ ఉండకూడదు.

ఈడ దీపం లేదు గానీ, చూడు, గోడకు క్యాలెండరు తీసేసిన మేకు. సరిగ్గా నీ కండ్ల ఎత్తుకే ఉండాది. దాన్ని పట్టుకో. దిగేటప్పుడు మోకాళ్ళు మెత్తగా వంచు.

నేనా? నేను కుర్చీ ఈ పక్క గోడకు తిప్పుకుంటా. నవ్వొద్దు, నా సంగతి నాకు తెలుసు. ఇదిగో, చేతులు తొడల కింద పెట్టుకున్నా. ఊఁ, తిరుగు. ఒకటి... గజ్జెలు వినపడతాండాయి. రెండు... చల్లగా ఉండు తల్లీ, నేను లేవను... మూడు...