జంటపేరు

ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో ఒక ఆసుపత్రి గది. బాలింత ఆన్-సొలెన్, ఆమె తల్లి ఇవోన్. ఉయ్యాలలో పాప.

“రోజ్ చాలు. ఒక్క పేరే పెట్టు.”

“మళ్లీ మొదలెట్టావా అమ్మా? రోజ్-ఎలెన్ అని మేమిద్దరం ఎప్పుడో అనుకున్నాం. పేరు రాయించడానికి నీ అల్లుడు లొయిక్ మున్సిపల్ ఆఫీసుకి బయల్దేరాడు కూడా.”

“ఫోన్ చేసి ఆగమను.”

“ఎందుకు? పిలుస్తుంటే ఎంత నిండుగా ఉంది! మా అత్తగారు మురిసిపోయింది.”

“మురిసిపోతుంది. ఆవిడకేం తెలుసు.”

“నీకేం తెలుసో చెప్పు మరి. నాకు నువ్వు పెట్టింది జంటపేరేగా. ఊరంతా ఆన్ అని ఊరుకుంటే, నువ్వు మాత్రం ఏ పూటా సగం పేరు మింగలేదు.”

“సూప్ చల్లారిపోతోంది, తాగు.”

“సొలెన్ ఎవరమ్మా? మీ అమ్మమ్మ అన్నావు చిన్నప్పుడు. నిన్న పెద్దత్త వచ్చి, మీ అమ్మమ్మ పేరు జెర్మెన్ అంది.”

“దాని నోట్లో నువ్వుగింజ నానదు.”

“ఎవరు?”

“బాలింతవి, ఇప్పుడెందుకే…”

“ఎవరమ్మా?”

“నీ అక్క. నాలుగేళ్లది. సముద్రం వెనక్కి వెళ్లినప్పుడు ఆల్చిప్పలు ఏరడానికి నా వెంట తీసుకెళ్లాను. పొగమంచు కమ్మేసింది. చెయ్యి ఎప్పుడు వదిలిందో… పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. సముద్రం మళ్లీ వచ్చేసింది.”

“దొరకలేదా?”

“చెప్పు కూడా దొరకలేదు. తర్వాత నువ్వు పుట్టావు. పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి తగిలించడం మన ఇంట్లో ఉన్నదేగా. కడుపుకోత చల్లారుతుందని మీ నాయనమ్మే కలిపించింది.”

“చల్లారిందా? భోజనానికి పిలిచి, నేను లోపలికొచ్చాక కూడా తలుపు వేసేదానివి కాదు. చలికి నాన్న తిట్టేవాడు. నా వెనకాల చూస్తూ నిలబడేదానివి.”

“చూసేదాన్ని.”

“నా వెనక ఏముందోనని నేనూ తిరిగి చూసేదాన్నమ్మా. భయమేసేది.”

“తెలుసు. అందుకే చెప్తున్నా. పిలిస్తే నీ బిడ్డ ఒక్కతే రావాలి. రాగానే తలుపేసుకో.”

“ఎలెన్ పోయినవాళ్ల పేరు కాదుగా.”

“కాకపోనీ. రెండు పేర్లు వినబడితే నా కళ్లు గుమ్మం వైపే పోతాయి. దీని వెనకాలా చూస్తాను. నా వల్ల కాదు.”

“ఉండు, ఫోన్ చేస్తా… లొయిక్, రోజ్ అని రాయించు. అవును, ఒట్టి రోజ్. వచ్చాక చెప్తా.”

“బతికించావు తల్లీ.”

“మరి నన్ను కూడా ఆన్ అని పిలువు. ఒక్కసారి. నన్నొక్కదాన్నే.”

“అది అడక్కు.”

“అమ్మా.”

“పిలవలేనే. అలా పిలిస్తే పెద్దది బయటే ఉండిపోతుంది.”