పిండిమర మంగతాయారు పట్టుచీర

మంగతాయారని, పిండిమర సూర్రావు పెళ్ళాం. మనిషి మంచిది, మాట మంచిది, కాకపోతే పొద్దస్తమానం పిండిలోనే ఉంటది కదా, ఏ రంగు చీర కట్టినా మధ్యాన్నానికి అన్నీ ఒకటే రంగు అనుకో. ఆవిడకో అలవాటుంది. మర ఆగినప్పుడల్లా ఫోను తీసి ఏదో రాసుకుంటది. బ్లాగంట దాని పేరు. నవ్వకండే, నాకు తెలిసింది నేను చెబుతున్నా. ఏం లేదు, మనం అరుగు మీద కూచుని చెప్పుకునే మాటలే, కాకపోతే అక్కడ అరుగుండదు, ఎవరు వింటున్నారో కనపడదు. ఈ పూట ఏం కూరొండింది, ఎవరి బియ్యం తడారకుండా తెచ్చారు, ఏ చీర మీదకి ఏ జాకెట్టు కుదిరింది, అన్నీ రాసేసేదంట. ఒక్కటి మాత్రం, అబద్ధం రాసేది కాదు. అక్కడ ఎక్కడికే, ఎందుకే అని నిలదీసేవాళ్ళు లేరు కదా, ఇంక అబద్ధమాడే పనేముంది.

మరి ఆవిడకి బీరువాలో ఓ పట్టుచీరుంది. వంకాయరంగు, మామిడిపిందెల అంచు, పుట్టింటోళ్ళు పెట్టింది. అది కట్టుకుని ఏళ్ళయిపోయింది. ఎందుకంటే పిలిచేవాళ్ళు లేరు. ఎందుకు లేరంటే, అదంతా సూర్రావు చేసిన నిర్వాకం. ఆయన చెల్లెలు చంద్రావతి కూతురి పెళ్ళిలో ఏమైందంటే, మేనమామని పట్టుకెళ్ళి రెండో బంతిలో కూచోబెట్టారంట. ఎవరు చేశారో, తెలిసి చేశారో తెలీక చేశారో. ఈయనకి ఒళ్ళు మండి, వడ్డించిన విస్తరి ముందునుంచి లేచిపోయాడు. లేచినోడు ఊరుకున్నాడా, పందిట్లో నిలబడి నానా మాటలూ అన్నాడు. అంతే, ఆ వేపు చుట్టాలు మానేశారు, వాళ్ళని చూసి ఈ వేపోళ్ళూ మానేశారు. పిలుపు లేదు, పేరంటం లేదు. కోపం ఆయనది, బీరువాలో మగ్గిపోయింది ఈవిడ చీర. ఓ రోజు తీసి చూసుకుంటే మడతల దగ్గర చీలుతోందంట. పట్టు అంతే కదమ్మా, కట్టకుండా ఉంచితే మడత మీదే తెగిపోద్ది. చూసేసరికి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు సూర్రావు మరకి కొత్త బెల్టు కోసం కాకినాడ ఎల్లాడు, మర కట్టేసి ఉంది. ఇంక ఆగలేదు, తలంటుకుని ఆ చీర కట్టేసుకుంది.

కట్టుకుని గుమ్మంలోకొచ్చిందో లేదో, పక్కింటి సత్యవేణి, ఏటే మంగా, ఏటి విశేషం, ఎక్కడికి ప్రయాణం అంది. మన వీధి సంగతి మీకు తెలీందేముంది, మంచి చీర కడితే చాలు, అందరికీ సమాధానం చెప్పుకోవాలి. ఊరికే కట్టుకున్నానంటే మతి పోయిందంటారు. అందుకని ఆవిడ, పెళ్ళికొదినా, అనేసింది. ఎవరిదే? మా పిన్ని మనవరాలిది. ఎక్కడే? రావులపాలెంలో. అనేశాక ఇంక ఇంట్లో ఎలా కూచుంటది? బస్సెక్కింది. రావులపాలెంలో దిగింది. దిగితే మండుటెండ. ఎదురుగా ఓ కల్యాణమండపం, సన్నాయి మోగుతోంది. కాసేపు నీడకి నిలబడదామని ఎల్లిందంట, గుమ్మంలో పన్నీరు చల్లి, రండి రండి ఆలస్యమైపోయింది, అని లోపలికి తీసుకుపోయారు. ఆడపెళ్ళివారేమో ఈవిణ్ణి మగపెళ్ళివారి మనిషనుకున్నారు, వాళ్ళేమో వీళ్ళ మనిషనుకున్నారు. ఓ ముసలావిడైతే పక్కన కూచుని, అంచు పట్టుకు చూసి, ఎంత బావుందమ్మా నీ ఒంటి మీద, అందంట. ఆ మాటకి మంగతాయారుకి కళ్ళనీళ్ళొచ్చేశాయి. అక్షింతలేసింది, భోంచేసింది, ఒచ్చేసింది. వచ్చేటప్పుడు బస్సులో కూచుని ఉన్నదున్నట్టు బ్లాగులో రాసేసింది.

ఆ బ్లాగు సత్యవేణి చదువుతుందని ఈవిడకేం తెలుసు? మర్నాడు బియ్యం పట్టించుకోడానికొచ్చి, నలుగురూ ఉండగా, ఫోను తీసి పైకి చదవడం మొదలెట్టింది. ముక్కూ మొహం తెలీనోళ్ళ పెళ్ళికి ఎల్లానని చదివేసరికి అందరూ ఒకటే నవ్వు. పిన్ని మనవరాలికి కానుకేం ఇచ్చావే అని ఒకావిడ, బూరెలు ఎన్ని తిన్నావే అని ఇంకొకావిడ. ఈవిడ చాట పట్టుకుని తల దించుకుంది. సత్యవేణి ఇంకా చదువుతోంది. "మమ్మల్ని ఎవరూ పిలవరు. చీర చీలిపోతోంది. అది కట్టుకుని ఒక్కసారి నలుగురిలో కూచోవాలనిపించింది. ఆ పిల్లా పిల్లాడూ చల్లగా ఉండాలి." అక్కడికొచ్చేసరికి సత్యవేణే ఫోను దించేసింది. ఎవరూ నవ్వలేదు. మర ఆగి ఉంది కదా, వెనకాల బెల్టు ఎక్కిస్తున్న సూర్రావుకి ప్రతి ముక్కా వినపడింది. తిడతాడనుకుంది మంగతాయారు. ఆయనేమో చేతులు తుడుచుకుని సైకిలెక్కి పోయాడు.

ఎక్కడికనుకున్నారు, చెల్లెలింటికి. చంద్రావతి గుమ్మంలో చూసి మొహం తిప్పుకుంది. ఈయనే అన్నాడంట, చెల్లాయ్, విస్తరి ముందునుంచి లేవడం నా తప్పు, నన్ను పిలవొద్దు, మీ ఒదినని పిలు. దేనికి పిలవనన్నయ్యా, ఇంట్లో ఏ కార్యమూ లేదే, అందావిడ. ఏమీ లేకపోయినా పిలు, అన్నాడు. అని అక్కడే అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడంట. మొగాడు ఏడిస్తే చూడలేం కదమ్మా, ఆవిడా ఏడ్చింది.

ఆ సాయంత్రమే చంద్రావతి కుంకుమ భరిణె పట్టుకుని పిండిమర దగ్గరకొచ్చింది. మంగతాయారు మొహం నిండా పిండి. చంద్రావతి తన కొంగుతో ఆ నుదురు తుడిచి, బొట్టు పెట్టి, "రేపు మా ఇంట్లో ఏమీ లేదొదినా. మీరిద్దరూ పొద్దున్నే రావాలి" అంది. అందరూ నోరెళ్ళబెట్టారు. ఏమీ లేనిదానికి బొట్టు పెట్టి పిలవడం ఎవరైనా చూశారా? మంగతాయారు మాత్రం ఏమీ అడగలేదు, ఒస్తాం చంద్రా, అంది.

తెల్లారి ఆ వంకాయరంగు చీరే కట్టి, మొగుడి పక్కన నడిచి ఎల్లింది. ఏటే విశేషం అని సత్యవేణి అలవాటుగా అడిగితే, ఏమీ లేదొదినా, పిలిచారు, అంది, ఎంత దర్జాగా అందో. ఆ రాత్రి బ్లాగులో ఏం రాసిందా అని నేను సత్యవేణి చేత చదివించుకున్నా. "ఈ రోజు విశేషాలేమీ లేవు" అని ఒక్క ముక్క రాసిందంట. అంతకు ముందు చారు పొంగిపోతే పేజీలు పేజీలు రాసిన మనిషి. నాకు చదువు రాదు గానీ, అంతకంటే బాగా రాయడం ఎవరి తరం చెప్పండి.