గిన్నెల చప్పుడు ఆగితే

ఏ ఫొటో? ఇలా పట్టుకురా, వెలుతుర్లోకి. మీ అమ్మ గిన్నెలు సర్దుకుంటోంది, దాన్నెందుకు పిలవడం, నేనే చెబుతాలే. మైకు ముందు పొట్ట లోపలికి పీల్చుకుని నుంచున్నది నేనే, నవ్వకు. పక్కన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాయన ఉన్నాడు చూశావూ, ఆయనే మా కత్తెర. రాసినదానికంటే కొట్టేసిందే ఎక్కువని రేడియోలో అందరం ఆ పేరు పెట్టాం. వారం వారం మంత్రుల మీద హాస్య నాటిక రాసేవాడు, నేను మంత్రిగారి గొంతు పెట్టేవాణ్ణి. వాళ్లావిణ్ణి అక్కయ్యా అని పిలిచేవాణ్ణి గనక ఆయన నాకు బావయ్యాడు. ఆ రాయడం ఎలా ఉండేదనుకున్నావు? అక్కయ్య వంటింట్లో గిన్నెలు తోముతుంటే, ఈయన గుమ్మం ఇవతల కుర్చీ వేసుకుని రాసింది పైకి చదివేవాడు. ఆవిడ నవ్వే మనిషి కాదమ్మా. బాగుంటే చేతిలో గిన్నె చప్పుడు ఆగేది, అంతే. ఆగలేదా, ఈయన మారు మాట్లాడకుండా ఆ ముక్క కొట్టేసేవాడు. "అదేంటి బావా, నాకు పొట్ట చెక్కలైంది కదా" అంటే, "నీకు వాతావరణ వార్తలు చదివినా చెక్కలవుతుందిలే" అనేవాడు. ఒక నాటికలో, వరదొచ్చిన వీధిలో మంత్రి పడవెక్కి, "చూడండి, మా హయాంలో రోడ్డు మీద ఒక్క గుంటైనా కనిపిస్తోందా" అంటాడు, దానికైతే అక్కయ్య కుళాయి కూడా కట్టేసింది. మర్నాడు ఎక్కడ విన్నా అదే మాట.

ఎక్కడున్నాను? ఆఁ. అక్కయ్య పోయింది. జ్వరమన్నారు, నాలుగు రోజులన్నారు, పోయింది. దేవుడికి ఆవిడతో ఏం పని పడిందో మరి. రోజూ దణ్ణం పెట్టుకుంటాను గానీ, ఆ ఒక్కటీ ఆయన్ని అడిగే చనువు నాకు లేదు. కొన్నాళ్లకి బావ మళ్లీ కుర్చీ వేసుకున్నాడు. చదివాడు. వంటింట్లో చప్పుడు లేదు. ఇంకో ముక్క చదివాడు. లేదు. నావైపు తిరిగి, "అన్నీ బాగున్నట్టే ఉన్నాయిరా, దేన్ని కొట్టెయ్యను" అన్నాడు. కొట్టెయ్యకుండానే పంపాడు. నాటికలు చప్పబడిపోయాయి. ఆఖరికి మంత్రిగారి సెక్రటరీయే ఫోను చేశాడు. "మా సారు బెంగపడుతున్నారండీ, ఈమధ్య మీరు గట్టిగా తిట్టడం లేదు, ఎన్నికల్లో పోతామని మీకేమైనా తెలిసిందా" అని. మా స్టేషను పెద్దాయన మాత్రం, "ఈ వారం కూడా ఇంతే అయితే ఆపేద్దాం" అని తేల్చేశాడు.

ఇక లాభం లేదని నేనే వెళ్లి ఆ గిన్నెలు ముందేసుకుని కూచున్నాను. "చదువు బావా" అన్నాను. చదివాడు. చెయ్యి ఆపాను. ఇంకోటి చదివాడు, ఆపాను. "అన్నిటికీ ఆగుతావేంట్రా" అన్నాడు. ఆ గుమ్మంలోంచి ఆ గొంతు వస్తుంటే నాకు చేతులు ఆడితేగా. బావ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, గుమ్మం దాటి లోపలికొచ్చాడు. నా పక్కన చతికిలబడి, "ఇలా తే, జిడ్డే వదల్లేదు, మీ అక్కయ్య చూస్తే ఊరుకునేదా" అని గిన్నె లాక్కుని తోమడం మొదలెట్టాడు. అంతే. మరి కలం పట్టలేదు.

నేను మాత్రం ఈనాటికీ ఏ కబురు చెబుతున్నా ఒక చెవి వంటింటి వైపే... ఉండు. మీ అమ్మ ఇందాకట్నుంచీ గిన్నెలు సర్దుతోంది కదూ? ఎప్పుడాపింది?

...

ఆ మంచినీళ్లు ఇలా అందివ్వు, తల్లీ.