కమాను నడిమి రాయి

పాత కచేరీ రాతి కమాను కూలిన మూడో రోజు పొద్దున, టీకొట్టు బల్ల మీద ఫిరంగి బాబాయ్ గ్లాసు పట్టుకుని తన కోతలు మొదలెట్టాడు. తాపీమేస్త్రి గోడవారగా కూర్చుని వింటున్నాడు. ఆ కమాను కట్టింది అతని ముత్తాత. సున్నం చుక్క వాడకుండా రాయిని రాయే పట్టుకునేట్టు చెక్కి నిలబెట్టాడాయన. ఇప్పుడా రాళ్లు రోడ్డు మీద గుట్టగా పడున్నాయి. మేస్త్రికి రెండ్రోజులుగా అన్నం సయించడం లేదు.

"నేనేం పెద్దగా చెయ్యలేదురా," అన్నాడు బాబాయ్. "కూలగొట్టే మిషను వస్తోందని తెలిసి పరిగెత్తుకెళ్లి ముందు నిలబడ్డా, అంతే. డ్రైవరు హారన్ కొట్టాడు, నేను కదల్లా. మిషను తొండం పైకెత్తాడు, నేను కదల్లా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అంది గ్లాసులు కడుగుతున్న టీకొట్టు వదిన.

"ఇదిగో, ఈ ఒంటి చేత్తో తొండం పట్టుకున్నా. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గానీ బండి అంగుళం కదిలితే ఒట్టు."

"మరి కమాను ఎలా పడింది?" అన్నాడు మేస్త్రి.

"అక్కడికే వస్తున్నా. మిషన్ని వెనక్కి నెట్టుకుంటూ ఏటిదాకా పోయానా, నేను లేంది చూసి కమాను పడిపోయింది. ఇక కచేరీ వెనకగోడ ఊగడం మొదలెట్టింది. పరిగెత్తుకొచ్చి వీపు ఆనించి ఒక పగలంతా మోశా. ఈలోపు ఆఫీసర్లు ఏడుగురొచ్చి, అయ్యా తప్పుకోండి, కొలతలు తీసుకోవాలన్నారు. తప్పుకుంటే మీ మీదే పడుద్ది, నాతో కలిపి కొలుచుకోండన్నా. ఇప్పుడు సర్కారు కాగితాల్లో ఆ గోడ మందంలో నా ఛాతీ కూడా కలిసుంది."

బల్ల మీదున్న నలుగురూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. కమాను పడ్డ రోజు అతను పొరుగూళ్లో పనిలో ఉన్నాడు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది, ఎవరి మీదో మాత్రం తేలడం లేదు.

అప్పుడే ఒక కొత్త మనిషి లోపలికొచ్చి, బాబాయ్‌ని చూసి ఆగాడు.

"మీరిక్కడున్నారా? మీ ఇంటికే బయల్దేరానండి. ఇవాళ మిషను తీసుకురాను. మీరు అనుమతుందంటే నమ్మి తోలాను. లేదని మా ఓనరుకి నిన్న తెలిసింది. వెనకగోడ నేను కొట్టను."

"ఎవరయ్యా నువ్వు? నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నావు," అన్నాడు బాబాయ్.

"డ్రైవర్నండి. కచేరీ వెనక మీరు కట్టబోయే షాపులకి దారి కావాలని ముందు కమాను పడగొట్టమన్నారు కదా. దెబ్బ ఎక్కడ వెయ్యాలో తెలీక నేను తడబడుతుంటే మీరే కర్రతో చూపించారు, నడిమి రాయిని."

మేస్త్రి లేచాడు. కొడతాడేమోనని వదిన అడ్డం రాబోయింది. అతను చెయ్యెత్తలేదు.

"నడిమి రాయి తీస్తే మొత్తం దిగిపోతుందని నీకు చెప్పింది నేనే బాబాయ్," అన్నాడు. "పోయినేడు కమాను కింద నిలబడి, ఇదెలా కట్టారురా అనడిగావు. ఊళ్లో ఒక్కడైనా అడిగాడు కదా అని మురిసిపోయి, రాయి రాయీ చూపించి చెప్పాను."

బాబాయ్ సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

మేస్త్రి డ్రైవర్ని వెంటబెట్టుకుని సర్కారు ఆఫీసుకెళ్లి ప్రతి మాటా రాయించాడు. వెనకగోడ నిలిచింది. ఆ సాయంత్రం నుంచి రోడ్డు పక్కన కూర్చుని, మళ్లీ అదే వరసలో పేర్చేందుకు కూలిన రాళ్లకి ఒక్కోదానికీ అంకె వెయ్యడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి, ఇదెలా కట్టారు మేస్త్రీ అని అడిగితే మాత్రం తలెత్తలేదు.