ఉతికిన చొక్కా

ఆసుపత్రి వాళ్లు నిన్న శవాన్ని అప్పగిస్తూ మూటగట్టి ఇచ్చిన చొక్కా పెరట్లో తీగమీద ఆరుతోంది. మరిది దాని ముందు ఆగిపోయాడు. వదిన బకెట్టు బోర్లించింది.

"ఉతికేశావా? నీకేమైనా పిచ్చా వదినా! నాలుగింటికి సభ. నాయకుడు అన్నయ్య చొక్కా ఎత్తి చూపించాలి."

"మీ అన్నయ్య చొక్కా నేనేనాడైనా మురికిగా ఉంచానా? చూపించి ఏం చేస్తారు?"

"ఈ నెత్తురు మనందరిదీ అంటాడు. ఆ తర్వాత అవతలి వీధిలో ఒక్క ఇల్లు మిగలదు. పెట్రోలు డబ్బాలు జీపులో ఉన్నాయి."

"ఆ ఇళ్లలో పసిపిల్లలున్నారయ్యా."

"అన్నయ్యను పొడిచినప్పుడు వాళ్లకి నీ పిల్లలు గుర్తొచ్చారా? గట్టు మీదున్న ఆ కూరల కత్తి ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"నా చెయ్యి కోసుకుంటా. ఒక్క కడుపున పుట్టాం, నాదీ అదే రక్తం. కింద నుంచి చూసేవాడికి తేడా ఏం తెలుస్తుంది?"

అతను తనే కత్తి అందుకుని అరచెయ్యి కోసుకుని, చొక్కాకి గుండె దగ్గర అద్దాడు.

"అక్కడ కాదు."

"ఏంటి?"

"కత్తి దిగింది అక్కడ కాదు. సబ్బు రుద్దుతుంటే చిరుగులో నా వేలు దూరింది. చొక్కా వెనక్కి తిప్పి చూడు. వీపు మీద ఉంది."

అతను తిప్పి చూశాడు.

"ఊరేగింపులో ఆయనే ముందు నడిచాడనీ, వాళ్లు ఎదురొచ్చి పొడిచారనీ నువ్వే చెప్పావు. ఆయన వెనక ఉన్నది మీరే కదయ్యా?"

"నెమ్మదిగా మాట్లాడు వదినా. బయట జీపులో మనవాళ్లున్నారు."